గుడిమల్లం: కదలని లింగం, మారిన గోడలు



తిరుపతి నుంచి రేణిగుంటకు వచ్చి, పాపానాయుడుపేట మీదుగా కాస్త లోపలికి పోతే, స్వర్ణముఖి ఒడ్డున గుడిమల్లం అనే చిన్న ఊరు వస్తుంది. ఏర్పేడు మండలంలోది. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. పాపానాయుడుపేట పేరు చెప్పగానే మన ప్రాంతంవాళ్ళకి గాజు పూసలు గుర్తొస్తాయి. కొలిమిలో కరిగిన గాజుని సన్నటి గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేసే పాత పద్ధతి అక్కడ మొన్నమొన్నటిదాకా నడిచింది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట చేసిన పూసలదీ అదే పద్ధతి. పాత పనులు ఓ పట్టాన వదలని నేల ఇది. ఆ నేల మీదే ఉంది ఈ పూట నేను చెప్పబోయే పరశురామేశ్వరాలయం.

ఈ గుడి పేరు ఎత్తగానే అందరూ లోపలి లింగం గురించే మాట్లాడతారు. చరిత్ర పుస్తకాల్లో బొమ్మ వేసేదీ దాన్నే. అందులో తప్పేమీ లేదు, అంతటి శిల్పమే అది. అయితే ఆ లింగం చుట్టూ ఉన్న కట్టడం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకున్నామని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ చోట గుడి ఒక్కసారి కట్టింది కాదు. వందల ఏళ్ళ వ్యవధిలో కట్టారు, పాడుపడింది, మళ్ళీ కట్టారు. ఇటుక పోయి రాయి వచ్చింది. పల్లవులు, బాణులు, చోళులు వచ్చి వెళ్ళారు. ఇంతమంది చేతులు పడినా రెండు విషయాలు మాత్రం మారలేదు. లింగాన్ని దాని చోటునుంచి ఎవరూ కదిలించలేదు. గర్భగుడి వెనక గోడ గుండ్రదనాన్ని ఎవరూ పోగొట్టలేదు. ఈ రెండింటినీ అంతకాలం ఎలా నిలుపుకొచ్చారన్నది నాకు ఆ గుడిలో అన్నిటికన్నా పెద్ద విశేషంగా కనిపిస్తుంది.

ముందు లింగాన్ని దగ్గరగా చూద్దాం. సుమారు అయిదడుగుల ఎత్తు. ముదురు గోధుమరంగు రాయి, చక్కగా మెరుగు పెట్టిన రాయి. దాని ముందు భాగంలో శివుడు నిలబడి ఉంటాడు. నాలుగు చేతుల శివుడు కాడు, రెండే చేతులు. కుడిచేత్తో ఒక జంతువుని వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడేసుకుని ఉన్నాడు. అది పొట్టేలని కొందరు, జింక అని కొందరు. ఎడమ చేతిలో చిన్న చెంబు, ఎడమ భుజం మీద గొడ్డలి. జుట్టుని తలపాగా చుట్టినట్టు పైకి చుట్టుకున్నాడు. చెవులకి బరువైన కుండలాలు, మెడలో హారం, చేతులకి కడియాలు. నడుముకి కట్టిన బట్ట ఎంత పలచగా చెక్కాడంటే ఒంటి గీత అందులోంచి కనిపిస్తుంది. జంధ్యం లేదు. ఆయన పాదాలు ఒక కురచ మనిషి భుజాల మీద ఆనుతున్నాయి. ఆ కురచ మనిషి, యక్షుడనండి, కింద కూలబడి మోస్తున్నాడు. అంత బరువు మోస్తూ కూడా పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. తర్వాతి కాలంలో నటరాజు పాదం కింద నలిగే అపస్మారుడి మొహంలో ఉండే బాధ ఇక్కడ లేదు. మోయడమే తన భాగ్యం అన్నట్టుంటాడు. ఆ శిల్పి పేరు మనకి దక్కలేదు కానీ, ఆ నవ్వు దక్కింది.

దీని వయసు మీద పండితుల్లో వాదన ఇంకా తెగలేదు. 1911 ప్రాంతంలో దీన్ని వివరంగా పరిశీలించి లోకానికి పరిచయం చేసినవారు తిరువాన్కూరు సంస్థానంలో పురావస్తు అధికారిగా పనిచేసిన టి.ఏ. గోపీనాథరావు గారు. హిందూ విగ్రహ శాస్త్రం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథంలో ఈ లింగానికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. భర్హుత్, సాంచీ స్తూపాల దగ్గరి యక్ష విగ్రహాలతో పోల్చి, క్రీస్తు పూర్వం 2వ శతాబ్దానిదని తేల్చారు. ఆ తర్వాత కొందరు దాన్ని ఒకటి రెండు వందల ఏళ్ళు ముందుకి జరిపారు. ఇంకొందరు క్రీస్తు శకంలోకి తెచ్చారు. ఎంత ముందుకి తెచ్చినా, దేశంలో ఈనాటికీ నిలిచి ఉన్న అతి పురాతన శివలింగాల్లో ఇది ఒకటన్న మాట మాత్రం మారదు.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. 1973లో పురావస్తు శాఖ తరఫున ఇంగువ కార్తికేయ శర్మ గారు ఇక్కడ తవ్వకాలు చేశారు. తెలుగువారు, ఆంధ్రదేశపు తొలి శైవాలయాల గురించి లోతుగా రాసినవారు. ఈ గుడి మీద ఆయన రాసిన పుస్తకం 1994లో వచ్చింది. తవ్వి చూస్తే తెలిసిందేమిటంటే, మొదట్లో ఈ లింగానికి గుడే లేదు. ఆకాశం కింద, ఆరుబయట నిలబడి ఉండేది. చుట్టూ చదరంగా ఒక రాతి కంచె మాత్రం ఉండేది. నిలువు రాళ్ళు, వాటి మధ్య అడ్డకమ్ములు, పైన ఒక దిమ్మ వరస. స్తూపాల చుట్టూ మనం చూసే వేదిక ఎలా ఉంటుందో అలాంటిదే. ఊరి పొలిమేరలో వేపచెట్టు కిందో రావిచెట్టు కిందో రాయిని నిలబెట్టి, చుట్టూ అరుగు కట్టి పూజించే అలవాటు మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది కదా. రెండు వేల ఏళ్ళ కిందటి శివుడూ అలాగే కొలువున్నాడు. ఆ రాతి కంచె ఇప్పటికీ గర్భగుడిలోనే ఉంది.

తర్వాత, క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో, ఆ కంచెనీ లింగాన్నీ లోపల పెట్టి చుట్టూ ఇటుకలతో గుడి కట్టారు. ఆ ఇటుక ఒక్కొక్కటీ 42 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల మందం. ఇవాళ మనం ఇంటికి వాడే ఇటుకకి పొడవులో దాదాపు రెండింతలు. మందం మాత్రం తక్కువ. వాటితోపాటు నలుపూ ఎరుపూ కలిసిన మట్టి పాత్రల పెంకులు దొరికాయి. ఆ ఇటుక గుడి ఆకారం ముందువైపు చదరం, వెనకవైపు గుండ్రం. శిల్పశాస్త్రంలో దీన్ని గజపృష్ఠం అంటారు. ఏనుగు పడుకున్నప్పుడు వెనకనుంచి దాని వీపు ఎలా కనిపిస్తుందో, ఆ గోడా పైకప్పూ అలా వంగి ఉంటాయి.

చాలా కాలం తర్వాత, చోళుల హయాంలో, ఇదంతా రాతితో కొత్తగా కట్టారు. విక్రమచోళుడి తొమ్మిదో రాజ్యవర్షంలో, అంటే 1126 ప్రాంతంలో, గుడిని పూర్తిగా రాతితో నిర్మించినట్టు శాసనం ఉంది. విక్రమచోళుడంటే మనకి పరాయివాడేమీ కాదు. నన్నయగారికి భారతం రాయమని చెప్పిన రాజరాజనరేంద్రుడికి స్వయానా మనవడు. చోళ సింహాసనం ఎక్కకముందు చాలా ఏళ్ళు వేంగిలో రాజప్రతినిధిగా ఉన్నాడు. 1118లో గద్దెనెక్కాడు. గోదావరి గట్లు తెలిసిన ఆ రాజు ఏలుబడిలోనే స్వర్ణముఖి గట్టు మీది ఈ గుడికి రాతి గోడలు లేచాయి.

ఇక్కడే ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. సాధారణంగా దేవాలయంలో ముఖమండపం, అంతరాళం దాటి లోపలికి పోయేకొద్దీ నేల పైకి లేస్తుంది. గర్భగుడి గడప ఎక్కి లోపలికి చూస్తాం. గుడిమల్లంలో అలా కాదు. ముఖమండపం కంటే, అంతరాళం కంటే గర్భగుడి పల్లంలో ఉంటుంది. దేవుణ్ణి చూడాలంటే చూపు కిందికి దించాలి. ఎందుకంటే నది ఒడ్డు ఊరు అది. ఏళ్ళు గడిచేకొద్దీ వండ్రు పేరుతుంది. పాత కట్టడాలు కూలిన ఇటుక, మట్టి నేలలో కలుస్తుంది. కొత్తగా కట్టినప్పుడల్లా పునాది కొంచెం పైనుంచి మొదలవుతుంది. నేల మట్టం లేస్తూ వచ్చింది. లింగం మాత్రం మొదట ఎక్కడ పాతారో అక్కడే, పాత మట్టంలోనే ఉండిపోయింది. చోళ స్థపతులకి లింగాన్ని పెళ్ళగించి కొత్త పానవట్టం మీద పెట్టడం చేతకాని పని కాదు. తంజావూరులో, గంగైకొండచోళపురంలో అంతకంటే ఎన్నో రెట్లు బరువైన లింగాలని నిలబెట్టిన సంప్రదాయం వాళ్ళది. అయినా ఇక్కడ దేవుణ్ణి తమ కొలతలకి ఎత్తలేదు. తమ గుడినే దేవుడున్న చోటుకి దించుకున్నారు. ఆ పల్లం నాకు శాసనంతో సమానం. అక్షరం లేకుండా చెప్పిన సాక్ష్యం.

ఆ పల్లానికి ఊళ్ళో ఇంకో కథ ఉంది. తల్లి రేణుకని చంపిన పాపం పోగొట్టుకోవడానికి పరశురాముడు అడవుల్లో తిరుగుతూ ఈ లింగాన్ని చూశాడట. పక్కనే కొలను తవ్వించాడు. ఆ కొలనులో రోజుకో పువ్వు పూసేది. దాన్ని తెచ్చి పూజ చేసేవాడు. కాపలాకి చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టుకున్నాడు. యక్షుడు ఊరికే ఉంటాడా, రోజూ ఒక వేట జంతువు, ఒక కల్లు కుండ కావాలన్నాడు. పరశురాముడు ఒప్పుకున్నాడు. ఒకరోజు ఆయన వేటకి పోయినప్పుడు ఆ పువ్వుతో యక్షుడే పూజ చేసేసుకున్నాడు. తిరిగొచ్చి చూసిన పరశురాముడికి కోపం ఆగలేదు. ఇద్దరికీ పోరు జరిగింది. పద్నాలుగేళ్ళు జరిగిందంటారు. పోరు జరిగినచోట పెద్ద గొయ్యి పడింది. చివరికి శివుడు ప్రత్యక్షమై ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు.

ఈ కథని పుక్కిటి పురాణం అని తోసెయ్యకండి. శిల్పాన్ని ఎదురుగా పెట్టుకుని మళ్ళీ వినండి. కుడి చేతిలో వేలాడే జంతువు యక్షుడికిచ్చే వేట. ఎడమ చేతిలోని చెంబు కల్లు కుండ. భుజం మీది గొడ్డలి పరశురాముడిది. పాదాల కింద యక్షుడు ఉండనే ఉన్నాడు. గర్భగుడి పల్లం పోరులో పడిన గొయ్యి. ఆ శిల్పం అర్థం ఏమిటో చెప్పే గ్రంథం ఊరివాళ్ళ చేతిలో లేదు. చెక్కినవాడి భాష కాలంలో కలిసిపోయింది. అయినా వాళ్ళు రాయిలో కనిపించే ప్రతి ఒక్కదాన్నీ పట్టించుకున్నారు, ఒక్కటి కూడా వదలకుండా ఒక కథలో కూర్చారు. శ్రద్ధగా చూడటం అంటే అదే.

నీళ్ళ మాట కూడా చెప్పాలి. అరవై ఏళ్ళకోసారి గర్భగుడిలోకి గంగ వచ్చి స్వామిని తాకుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. నది పక్కన, పల్లంలో ఉన్న గర్భగుడి. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే, కానీ వచ్చినప్పుడు ఎలా వస్తుందో 2021 నవంబరు వానల్లో తిరుపతి వాళ్ళందరూ చూశారు.

ఇప్పుడు ఆ గుండ్రటి వీపు సంగతి. నేను ఎప్పుడు గుడిమల్లం వెళ్ళినా దర్శనం అయ్యాక ప్రదక్షిణలో వెనకవైపుకి వెళ్ళి నిలబడతాను. గుడి అందం అక్కడే తెలుస్తుంది. చదరపు గుడి కట్టడంలో రాతిపనివాడికి ఒక సౌకర్యం ఉంది. నాలుగు మూలలు సరిగ్గా కుదిరితే, మిగతా గోడంతా తిన్నటి రాళ్ళే. గజపృష్ఠంలో ఆ సౌకర్యం లేదు. ముందు నేల మీద మేకు పాతి, తాడు కట్టి, అర్ధచంద్రాకారంలో గీత గీసుకోవాలి. ఆ వంపులో పెట్టే ప్రతి రాయి బయటి ముఖాన్నీ వంపుకి తగ్గట్టు చెక్కాలి. రెండు రాళ్ళు కలిసే అతుకులు కేంద్రం వైపు చూడాలి, లేకపోతే బయట సందులు పడతాయి. పైగా దక్షిణాది రాతి గుడి గోడ అంటే పలక పేర్చినట్టు చదునుగా ఉండదు. అడుగున ఉపానం, దానిమీద జగతి, ఆపైన కుముదం, కంఠం, పట్టిక, ఇలా అధిష్ఠానంలోనే వరసలు వరసలుగా ముందుకీ వెనక్కీ వస్తుంటాయి. ఆపైన గోడలో అర్ధస్తంభాలు, వాటిమధ్య కోష్ఠాలు. పైన చూరులా వంగిన కపోతం. ఈ వరసలన్నీ కూడా వంపులో తిరగాలి. కుముదం ఒక్కదాన్నే తీసుకోండి. అది నిలువులోనూ ఉబ్బుగా ఉంటుంది, అడ్డంగానూ వంగాలి. రెండు వంపులు ఒకే రాయిలో. ఒక్క రాయి దగ్గర లెక్క తప్పితే ఆ తప్పు పక్క రాయికి పాకుతుంది. ఇంత కష్టం పడటానికి వాళ్ళకి బలమైన కారణం ఉండాలి. పాత గుడి ఇటుక పునాది గుండ్రంగా ఉంది కాబట్టి కొత్త గుడీ గుండ్రంగానే ఉండాలి, అంతే. చోళులు తమ రాజ్యమంతటా చదరపు విమానాలు కట్టించే రోజుల్లో ఇక్కడ పాత కొలతకి తలవంచారు.

ఈ ఆకారం వయసు చాలా పెద్దది. వెదుళ్ళు వంచి, పైన గడ్డి కప్పిన పూర్వపు ఇళ్ళ నుంచి పుట్టిందని కళాచరిత్రకారులు చెబుతారు. మహారాష్ట్రలో కార్లె కొండ గుహల్లో చైత్యాలయాన్ని చూడండి, రాతిని తొలిచి లోపల ఇదే ఆకారం చేశారు. చివర గుండ్రటి భాగంలో స్తూపం, దాని చుట్టూ తిరగడానికి దారి. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయం ఇటుకతో కట్టిన గజపృష్ఠం. అది మొదట బౌద్ధ చైత్యమేనని చాలామంది రాశారు. అందుకే ఎక్కడ ఈ ఆకారం కనిపించినా ఇది బౌద్ధులది, తర్వాత శైవులు తీసుకున్నారు అనే మాట వినిపిస్తుంటుంది. గుడిమల్లం విషయంలో ఆ మాట నిలబడదు. తవ్వకంలో అడుగు దాకా పోయినా దొరికింది లింగమే, దాని చుట్టూ కంచే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు హిందూ దేవాలయాల్లోనూ ఈ గుండ్రటి వెనక గోడ బయటపడింది. ఆ రోజుల్లో పవిత్రమైన వస్తువుని మధ్యలో పెట్టి చుట్టూ తిరగడానికి కట్టే ఇల్లు అలా ఉండేది. బౌద్ధుడైనా శైవుడైనా ఆ ఇల్లే కట్టుకున్నాడు.

మామల్లపురంలో పల్లవులు ఒకే రాతిలో చెక్కిన నకుల సహదేవ రథం చూసినవాళ్ళు ఉంటారు. పక్కనే నిలువెత్తు రాతి ఏనుగు ఉంటుంది. ఆ రథం వెనకభాగానిదీ ఏనుగు వీపే. మనకి ఇంకా దగ్గర్లో తిరుత్తణి ఉంది. 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, ఆ ఏడాది మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అక్కడ కొండ కింద వీరట్టానేశ్వరాలయం అనే చిన్న రాతిగుడి ఉంది. పల్లవుల్లో చివరివాడైన అపరాజితుడి కాలంది, అదీ గజపృష్ఠమే. సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్ళే మనవాళ్ళు ఇకమీదట ఒక్కసారి అటు కూడా వెళ్ళండి.

ఐరోపా ఖండంలో మధ్యయుగంలో పల్లెల్లో కట్టిన చర్చిలు చాలావాటికి కూడా తూర్పు చివర, బలిపీఠం వెనక గోడ అర్ధవృత్తంగా ఉంటుంది. అది రోమన్ల సభాభవనాల నుంచి వచ్చిన ఆకారం. మనదీ వాళ్ళదీ ఒకటేనని కాదు. అక్కడ జనం కూర్చుని ఎదురుగా చూస్తారు, ఇక్కడ చుట్టూ తిరుగుతారు. కానీ ఇంగ్లండులో, ఫ్రాన్సులో ఒక చిన్న పల్లెలో ఎనిమిది వందల ఏళ్ళ చర్చి ఉంటే, ఏ గోడ ఏ కాలానిది, ఏ కిటికీ తర్వాత పెట్టింది, ఎవరు డబ్బిచ్చారు అని ఆ ఊరివాళ్ళే చిన్న పుస్తకం అచ్చువేసి గుమ్మం దగ్గర పెడతారు. మన పల్లె గుళ్ళ గోడలు మనకి ఆ పుస్తకం రాసే పని కూడా లేకుండా చేశాయి. చరిత్రంతా వాటి ఒంటి మీదే రాసి ఉంది.

గుడిమల్లం గోడల మీద, రాతి పలకల మీద ఉన్న శాసనాలు తమిళంలో ఉన్నాయి. ఆ కాలంలో ఈ ప్రాంతం తొండైమండలంలో భాగం. తిరుమల కొండ పేరు మీదే తిరువేంగడకోట్టం అని ఒక విభాగం ఉండేది, ఈ ఊరు అందులోది. శాసనాల్లో ఊరి పేరు గుడిమల్లం అని ఉండదు, తిరువిప్పరంబేడు అని ఉంటుంది. ఇక్కడి బాణ రాజుల శాసనాలు అయిదింటిని వి. వెంకయ్యగారు చదివి ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటంలో ప్రచురించారు. బాణులు తాము బలిచక్రవర్తి వంశంవాళ్ళమని చెప్పుకున్నవాళ్ళు. మహాబలి బాణరాజు అన్నది వాళ్ళ బిరుదు. కంచి పల్లవుల కింద సామంతులుగా ఈ సీమని ఏలారు. ఆ అయిదు శాసనాల్లో ఒకటి పల్లవ దంతివర్మ 49వ రాజ్యవర్షంలోది. అర్ధ శతాబ్దం ఏలిన రాజులు చరిత్రలో ఎంతమంది! దంతివర్మ అంతకాలం ఏలాడనడానికి గట్టి ఆధారాల్లో ఒకటి ఈ పల్లెటూరి రాయి. కంచిలోని రాజుల లెక్క తేల్చడానికి చరిత్రకారులు గుడిమల్లం దాకా రావాల్సి వచ్చింది.

ఈ శాసనాలు గుడి మొదట కట్టింది ఎవరో చెప్పవు. వాటికి కావలసింది వేరే. స్వామికి నిత్యపూజ జరగడానికి ఎవరు ఎంత భూమి ఇచ్చారు, ఎంత సొమ్ము ఇచ్చారు, ఎన్ని ఆవులు ఇచ్చారు అన్నది వాటి గొడవ. ఆ కాలపు పద్ధతి కొంచెం చెబుతాను. దేవుడి ముందు ఎప్పుడూ ఆరిపోని దీపం పెట్టించాలంటే, డబ్బు ఇచ్చి ఊరుకుంటే అది నాలుగు రోజుల్లో ఖర్చయిపోతుంది. అందుకని పశువులు ఇచ్చేవాళ్ళు. చోళుల కాలంలో ఒక్క అఖండ దీపానికి 96 గొర్రెలు ఇవ్వడం మామూలు. గొర్రెల కాపరి వాటిని తీసుకుని, రోజూ లెక్క ప్రకారం నెయ్యి గుడికి కొలవాలి. మంద పెరిగితే ఆ లాభం కాపరిది, కానీ ఇచ్చిన 96 మాత్రం ఎప్పటికీ 96గానే లెక్క. ఆ గొర్రెలకి చావూ లేదు, ముసలితనమూ లేదు అని శాసనాల్లో స్పష్టంగా రాసుకున్నారు. భూమి ఇస్తే నాలుగు దిక్కులా సరిహద్దులు చెక్కించేవాళ్ళు, ఏ కాలువ, ఏ గట్టు, ఎవరి పొలం అని. చివర్లో దాత ఒక మాట రాయిస్తాడు. ఈ ధర్మాన్ని కాపాడినవారి పాదాలు నా తల మీద ఉంటాయి అని. ఎప్పుడో, ఎవరో కాపాడబోయే మనిషికి ముందే మొక్కి పెట్టుకున్నాడు.

పదో శతాబ్దం మొదట్లో చోళ పరాంతకుడు బాణుల్ని పెకలించాడు. ఆయన తండ్రి ఆదిత్యచోళుడు కన్నుమూసింది శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులోనే. అక్కడ తండ్రి జ్ఞాపకంగా కొడుకు కట్టించిన శివాలయం ఉంది. ఇలా స్వర్ణముఖి వెంట ఒక్కో ఊరు ఒక్కో రాజుని గుర్తుపెట్టుకుంది.

అదే నది వెంట శ్రీకాళహస్తి ఉంది. విజయనగర చక్రవర్తుల ఆదరణ అక్కడికి, తిరుమలకి వరదలా వచ్చింది. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో పెద్ద గాలిగోపురం కట్టించారు. అది 2010 మే 26న కూలిపోయిన రాత్రి ఈ జిల్లాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. 2017లో కొత్త గోపురం లేచింది. పెద్ద క్షేత్రాలకి ప్రాకారం మీద ప్రాకారం, మండపం పక్కన మండపం వచ్చి చేరుతుంటాయి. మధ్యలో మొదటి గుడి ఎలా ఉండేదో వెతుక్కోవాలి. గుడిమల్లానికి అంత సంపద రాలేదు. ఆవరణలో ఆనందవల్లి అమ్మవారు, సూర్యుడు, సుబ్రహ్మణ్యస్వామి ఉపాలయాలు వచ్చాయి, అంతటితో సరి. ఊరు చిన్నది కావడం ఈ గుడికి మేలు చేసింది. కొత్తది కట్టే స్తోమత లేనందువల్ల పాతది మిగిలింది.

1954లో ఈ గుడిని కేంద్ర పురావస్తు శాఖ తన రక్షణలోకి తీసుకుంది. పూజలు జరుగుతున్న గుడి, రక్షిత కట్టడం, రెండూ ఒకటే చోట ఉండటం సులువైన పని కాదు. అభిషేకం కావాలని భక్తులు అడుగుతారు. రాయి అరిగిపోతుందని అధికారులు ఆగమంటారు. నా మటుకు, ఇద్దరూ కోరేది ఒకటే అనిపిస్తుంది, స్వామి ఇంకా వేయేళ్ళు అక్కడే ఉండాలి. ఇద్దరూ ఒక చోట కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరక్కపోదు.

గుడిమల్లానికి కాపలా ఉంది. నా బెంగ కాపలా లేని గుళ్ళ గురించి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చోళుల కాలంవీ, యాదవరాయల కాలంవీ, విజయనగర కాలంవీ పల్లె గుళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈమధ్య జీర్ణోద్ధరణ పేరుతో మంచి మనసున్న దాతలు ముందుకొస్తున్నారు, సంతోషమే. కానీ పని మొదలవగానే ఏం జరుగుతోంది? అధిష్ఠానం సగం దాకా సిమెంటు, నేల మీద నున్నటి గ్రానైటు, గోడలకి ఎనామిలు రంగు. ఇసుకని గాలి మిషనుతో కొట్టి రాయి శుభ్రం చేస్తారు, దాంతో మురికితోపాటు అక్షరం అంచులూ పోతాయి. ఆ అక్షరాల్లో మీ ఊరి చెరువు పేరుంటుంది, మీ పొలాల పాత సరిహద్దులుంటాయి, మీ ముత్తాతల ముత్తాతల పేర్లుంటాయి.

అందుకని ఒక విన్నపం. మీ ఊరి పాత గుడిలో పని మొదలుపెట్టేముందు అధిష్ఠానం చుట్టూ, ముఖ్యంగా కుముదం మీదా జగతి మీదా, ద్వారం పక్క రాళ్ళ మీదా, బయట పడి ఉన్న పలకల మీదా అక్షరాలున్నాయేమో చూడండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట బాగా కనిపిస్తాయి. ఏ భాషో తెలియకపోయినా పర్లేదు. మైసూరులో పురావస్తు శాఖవారి శాసన విభాగం ఉంది, వాళ్ళకి రాయండి. వాళ్ళు వచ్చి రాయిని నీళ్ళతో మెత్తగా కడిగి, తడి కాయితం అంటించి, కుంచెతో కొట్టి అక్షరాల సందుల్లోకి దించుతారు. పైన సిరా అద్దుతారు. కాయితం ఆరి ఊడివచ్చేసరికి నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలి ఉంటాయి. రాయికి గీత కూడా పడదు. వాళ్ళు వచ్చేదాకా ఆ వరస మీద సిమెంటు వెయ్యకండి, రంగు పూయకండి, పలకని తిరగేసి మెట్టుగా వెయ్యకండి. పని చేయించే మేస్త్రీకి ఈ మాట ముందు రోజే చెప్పి పెట్టండి.